తెర మీద పేరు

పుంగనూరు
జనవరి 20

మునీరా ఆపాకు,

మా నారు తోటకు ఉరి బిగించినవాడు నారాయణప్ప. విత్తనాల అంగడి నారాయణప్ప. సలాం కంటే ముందు ఈ మాట రాస్తున్నాను, మన్నించు. కడుపు మండుతోంది.

శుక్రవారం మా అబ్బా టమోటా విత్తనాల కోసం డీలరుకు ఫోన్లో డబ్బు కొట్టబోతే పోలేదు. మళ్ళీ కొట్టాడు, పోలేదు. మరుసటి రోజు బ్యాంకుకు వెళ్తే, అక్కడి సారు కంప్యూటరులోకి చూస్తూ, "మీ అకౌంటు ఆపేసినారప్పా, వేరే రాష్ట్రం పోలీసులు ఆపమన్నారు" అన్నాడట. ఎక్కడో ఒక ముసలామెను ఫోన్లో బెదిరించి దోచుకున్నారట. ఆ సొమ్ము ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు దూకి దూకి, అందులో ఒక ముక్క మా ఖాతాలో పడిందట. "మేము నారు అమ్ముకొనేవాళ్ళం సార్" అని అబ్బా అంటే, "నాకు చెప్పి ఏం లాభం, ఆ పోలీసులకు చెప్పుకోండి" అని ఒక చీటీ చేతిలో పెట్టాడు. ఆ చీటీలో డబ్బు పంపినవాడి పేరు ఉంది. నారాయణప్ప.

ఇంకేం రుజువు కావాలి? పోయినేడు ఆయన అమ్మిన మిరప విత్తనం మొలవలేదని అబ్బా నలుగురు రైతుల ముందు అన్నాడు. అప్పటినుంచి ఆయనకు మా మీద కన్ను.

ఇంకో అన్యాయం విను. మా ఖాతాలోకి డబ్బు రావడానికి అడ్డం లేదు, బయటికి పోవడానికే అడ్డం. రైతులు వచ్చి నారు అడ్వాన్సు స్కాన్ కొడుతూనే ఉన్నారు. టేబుల్ మీది డబ్బా ఆడగొంతుతో "అందాయి, అందాయి" అని అరుస్తూనే ఉంది. లోపలికి పిలిచి తలుపు మూసే ఈ గొంతు వింటే నాకు ఒళ్ళు మండుతోంది. అబ్బా దాని మీద టవలు కప్పాడు. టవలు కింది నుంచి కూడా అరుస్తోంది.

నారు బుక్ చేసుకున్న రైతులు దుక్కి దున్ని కాచుకొని ఉన్నారు. విత్తనం ఇప్పుడు ట్రేల్లో పడకపోతే వాళ్ళకు మొక్కలు ఇవ్వలేము. వజీరు డబ్బు తీసుకొని నారు ఎగ్గొట్టాడు అనే మాట ఒక్కసారి పుట్టిందా, ఇక మా గేటు ఎవరూ తొయ్యరు. అబ్బాకు ఆ మాటే భయం. రెండు రోజులుగా అన్నం ముందు కూర్చొని లేచిపోతున్నాడు.

నేను ఫోన్ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. నాది అమ్మ బియ్యం డ్రమ్ములో ఉంది. అందుకే కుప్పం బస్సు డ్రైవరు దొరస్వామన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. వెనక పేజీలో కరపత్రం రాశాను, "ప్రజల నెత్తురు తాగే జలగ నారాయణప్ప" అని. నీ జిరాక్సు అంగట్లో రెండు వందల కాపీలు తీసి అదే బస్సులో పంపు. డబ్బు తర్వాత.

నీ తమ్ముడు,
మోసిన్

---

కుప్పం
జనవరి 24

ఒట్టు పెట్టుకున్న మోసిన్‌కు,

వాలేకుం సలాం, నువ్వు చివరికైనా చెప్పలేదు కాబట్టి నేనే ముందు చెప్తున్నాను. దొరస్వామన్న ఉత్తరం ఇస్తూ, "మీవాడు దీన్ని నోట్లకట్ట ఇచ్చినట్టు ఇచ్చినాడమ్మా, బస్సులో ఎవురికీ చూపొద్దనె" అని నవ్వాడు.

కాపీలు తియ్యలేదు. మిషన్ నాది, కోపం నీది. ఇంగ్లీషులో నారాయణప్ప అని ఉంటే విత్తనాల నారాయణప్పే అని ఎవరు చెప్పారు? ఇంటిపేరు ఉందా? నంబరు చూశావా? నా అంగడికి రోజూ ఎందరో వస్తారు, ఆధార్లో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఒక పేరు, ఇంట్లో పిలిచేది ఇంకొకటి. ఒకాయన తన పేరు ఏమిటని నన్నే అడిగాడు.

మీ అబ్బా వజీర్ ఖాలూకు చెప్పు. బ్యాంకుకు మళ్ళీ వెళ్ళి ఫిర్యాదు నంబరు, ఆపమన్న పోలీసుల చిరునామా రాయించుకోమను. తగాదా ఉన్న మొత్తం వరకే ఆపి మిగతాది వదలమని అర్జీ పెట్టుకోవచ్చు. దానికి బిల్లులు కావాలి, ఆ డబ్బు నారుకే వచ్చిందని రైతులు సంతకాలు పెట్టాలి. దీనికి తిట్లు అక్కర్లేదు, ఓపిక కావాలి. అది నీ దగ్గర లేదు, ఖాలూ దగ్గర ఉంది.

ఫోన్ను మరీ ఆడిపోసుకోకు. పోయినేడు మీ అమ్మ ఖదీజా ఖాలాకు ఆపరేషన్ అన్నప్పుడు మదనపల్లె ఆస్పత్రి కౌంటరు ముందు నువ్వు తెల్లముఖం వేసుకొని నిలబడ్డావు. ఇక్కడ నేను వేలు నొక్కితే అక్కడ మీ చేతికి డబ్బు అందింది. మా ఆసిఫ్ కూడా తన స్కాలర్‌షిప్‌లోంచి కొట్టాడు, గుర్తుందా? అప్పుడు నువ్వు ఏ కరపత్రమూ రాయలేదు.

ఆసిఫ్ సలాం చెప్పమన్నాడు. రోజూ కాలేజీ అయిపోయాక ఏదో పార్ట్‌టైమ్ పని దొరికిందట, కొత్త ఫోన్ కొన్నాడు. అక్కకు ఒక చున్నీ కూడా కొనలేదు అంటే నవ్వుతాడు.

మునీరా

---

పుంగనూరు
జనవరి 31

ఆపా,

నీ ఉత్తరం వచ్చేలోపే పని అయిపోయింది. చేత్తో నాలుగు కాగితాలు రాసి నారాయణప్ప అంగడి షట్టరుకు అంటించాను. ఆలస్యమయ్యేకొద్దీ అన్యాయం బలుస్తుందని నేను చదివాను, నమ్మాను.

పొద్దున్నే ఆయన ఒక కాగితం చేతిలో పట్టుకొని తోటకు వచ్చాడు. కేకలు వెయ్యలేదు. అదే నాకు అనుమానం.

"వజీరన్నా, నీ కొడుకు అక్షరాలు ముత్యాల మాదిరి ఉండాయి. నా బిల్లు బుక్కు రాసేకి పంపీ."

అబ్బాకు తెలుగు చదవడం రాదు కదా. "ఏం రాసినాడు?" అని అడిగాడు. నారాయణప్ప కుర్చీలో కూర్చొని, తన మీద నేను రాసిన తిట్లు తానే చదివి వినిపించాడు, సంతలో ధరలు చదివినట్టు. "ప్రజల నెత్తురు తాగే జలగ..." దగ్గర ఆగి, "జలగంటే నేనేలే అన్నా" అన్నాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

"పిల్లోడా, నా నంబరు అంగడి బోర్డు మీద ఇంత లావు రాసిండా. చీటీలో నంబరుతో సరి సూసినావా, రాసేముందర?"

చూడలేదు ఆపా. చీటీలో చివరి మూడు అంకెలే కనిపిస్తాయి. ఆ మూడూ ఆయనవి కావు.

"సదుం సంతలో నారాయణప్పా అని పిలిసి సూడు, ఇరవై తలకాయలు తిరుగుతాయి. అంతెందుకప్పా, మీకు నారు బుక్ చేసిన సదుం ఆదెప్ప ఉండాడే, రేషన్ కార్డులో ఆయప్ప నారాయణప్పే. బిల్లు రాసినప్పుడల్లా నాకు ఆయప్పతో ఇదే రచ్చ."

అబ్బా తల వంచుకొని నిలబడ్డాడు. నా వల్ల ఆయన ఒకరి ముందు తల వంచడం నేను చూడలేకపోయాను. నారాయణప్ప లేస్తూ ఒక మాట అన్నాడు, "వజీరన్నా, నీ అకౌంటు తెరుసుకొనేదాకా విత్తనం నేనిస్తా. ఒగటే మాట. ఈ పిల్లోడు నా అంగడి ముందర నిలబడి, నా మొగం సూసి, తప్పు పేరు రాస్తిని అని సెప్పాల. కాగితం మీద కాదు. కాగితం మీద ఎవురన్నా రాస్తారు."

నేను చెప్పను. నంబరు సరిపోలనంత మాత్రాన మంచివాడు అయిపోతాడా? ఆయనకు రెండు నంబర్లు ఉంటే? వచ్చీరాగానే ఆదెప్ప పేరు ఎత్తడం ఎందుకు? ముందు ఆదెప్పను పట్టుకుంటాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదని అబ్బా అంటున్నాడు. అదీ అనుమానమే.

మోసిన్

---

మదనపల్లె
ఫిబ్రవరి 9

ఆపా,

టమోటా మార్కెట్ యార్డు గేటు పక్కన కూర్చొని రాస్తున్నాను. ఆదెప్ప దొరికాడు. ఖాళీ క్రేట్ల మీద కూర్చొని నన్ను చూసి లేవబోయాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఫోన్ యాల ఎత్తలేదు మామా?"

"చెడిపోయిండాది నాయినా."

"జేబులో మోగతాండాదే."

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు, పసిబిడ్డను జోకొట్టినట్టు. తర్వాత ఏడ్చాడు ఆపా. మీసాలున్న మనిషి క్రేట్ల మధ్య కూర్చొని ఏడిస్తే నేను పోలీసులా నిలబడి ఉన్నాను. చీటీలోని మూడు అంకెలూ ఆయనవే, ఆయన ఖాతా మనకంటే ముందే ఆగిపోయింది. తానేదో తప్పు చేశానేమో, పోలీసులు వస్తారేమో అని భయపడి ఇంట్లో కూడా చెప్పలేదు. ఫోన్ చెడిపోయిందని అందరికీ చెప్తున్నాడు.

జరిగింది ఆయన మాటల్లోనే విను.

"కాయలమ్మితి, మండీలో క్యాష్ ఇచ్చిరి. మీ నాయనకేమో అడ్వాన్సు ఫోన్లో కొట్టాల, నా అకౌంట్లో దుడ్డు లేదు. బ్యాంకుకు పోతే దినం పోతాది. అప్పుడు ఒగడొచ్చి, అప్పా, మా యమ్మ ఆస్పత్రిలో ఉండాది, నీకు ఫోన్లో కొడతా, చేతికి క్యాష్ ఇయ్యి అనె. నాకూ కావాల్సింది అదే గదా. ఇద్దురి పనీ ఆయె."

నీకు తెలుసు కదా, ఇక్కడ అందరూ చేసేదే ఇది. నీ దగ్గర నోట్లుంటే నాకియ్యి, నా ఫోన్లోది నువ్వు తీసుకో. యార్డులో, బస్టాండులో, పెళ్ళిళ్ళలో. నేనే ఎన్నోసార్లు చేశాను. సాయం అనుకొన్నాం. వాడు దొంగసొమ్మును నోట్లుగా మార్చుకోవడానికి మన సాయం చేసే అలవాటునే వాడుకున్నాడు.

"కొట్టినోడి పేరు సూసినావా మామా?"

"నాకేడిది సదువు. పక్కనుండే హమాలీతో సదివిస్తి. షేక్ ఆసిఫ్ అని ఉండాది అనె. మీ తట్టోడే గదా, మోసమేడ సేస్తాడు అని నమ్మితి."

ఇంకో మాట చెప్పాడు. పేరు పక్కన ఒక ఫోటో ఉందట, ముఖం లేదు, వెనక రైలు పట్టాలు ఉన్నాయట. డబ్బు తీసుకున్నవాడు మాత్రం నలభై ఏళ్ళ మనిషి, అరవం కలిసిన తెలుగు మాట్లాడాడట.

షేక్ ఆసిఫ్. నవ్వొచ్చింది ఆపా. మా వీధిలోనే ముగ్గురు షేక్ ఆసిఫ్‌లు, ఒకడు కోళ్ళంగడి, ఒకడు ఆటో, ఒకడు నాలుగో క్లాసు. ఒక నారాయణప్పతోనే నాకు బుద్ధి వచ్చింది, పేరు చూసి మనిషిని పట్టుకోను. అయినా అరవం కలిసిన మాట కాబట్టి వాడు కుప్పం వైపువాడే అని నా అనుమానం. నీ అంగడికి అందరూ వస్తారు కదా, చెవి వేసి ఉంచు.

విత్తనాల నారాయణప్ప దగ్గరికి ఇంకా పోలేదు. ఆయన తప్పు లేదని తెలిసింది. కావాలంటే క్షమాపణ కాగితం రాసి ఇస్తాను. ముఖం చూసి చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. అబ్బా నాతో మాట్లాడటం లేదు.

మోసిన్

---

కుప్పం
ఫిబ్రవరి 15

చిరంజీవి మోసిన్‌కు,

ఇక్కడ అందరం క్షేమం. అమ్మీకి మోకాళ్ళ నొప్పి తగ్గలేదు. ఎండలు అప్పుడే మొదలయ్యాయి. అంగట్లో పని ఎక్కువగా ఉంది, అందుకే ఉత్తరం ఆలస్యమైంది.

దొరస్వామన్న చేతికి ఒక కవరు ఇచ్చాను. అందులో కొంత డబ్బు ఉంది. ఖాలూకు ఇచ్చి విత్తనాలు తెప్పించుకోమని చెప్పు. తిరిగి ఇవ్వాల్సిన పని లేదు.

ఆ డబ్బు ఎవరు కొట్టారో వెతుక్కుంటూ తిరగడం దండగ. అది పోలీసుల పని. నువ్వు ఖాతా సంగతి చూసుకో. కుప్పం పెద్ద ఊరు, ఎవరని అడుగుతాం.

ఖాలాకు నా సలాం.

మునీరా

---

పుంగనూరు
ఫిబ్రవరి 19

ఆపా,

కవరు అందింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అబ్బా కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "మునీరా బిడ్డకు అంగట్లో అంత మిగలతాండాదా?" అని అడిగి బీరువాలో పెట్టాడు. ఎవరూ విప్పలేదు.

ఇప్పుడు నేను అడుగుతాను, నువ్వు చెప్పాలి.

నీ ఉత్తరంలో ఒక్క ఎగతాళి లేదు. నన్ను చిరంజీవి అని ఎప్పుడు పిలిచావు? అమ్మీ మోకాళ్ళ గురించి ఎప్పుడు రాశావు? ఆదెప్ప ఏడ్చాడని రాశాను, నువ్వు అయ్యో అని కూడా అనలేదు. ఏ విషయమైనా నన్ను నాలుగు ప్రశ్నలు అడిగి సిగ్గుపడేలా చేసేదానివి, ఈసారి ఒక్కటీ లేదు. నారాయణప్ప అంటే, ఏ నారాయణప్ప అని అడిగావు. ఆసిఫ్ అంటే, ఏ ఆసిఫ్ అని అడగలేదు.

నీ ఉత్తరం చివర ఎప్పుడూ ఆసిఫ్ సలాం ఉంటుంది. ఈసారి లేదు.

వాడి కొత్త ఫోన్ ఎక్కడిది? ఆ పార్ట్‌టైమ్ పని ఏమిటి? మీ ఇంటి వెనక రైలు పట్టాలు ఉన్నాయి. చిన్నప్పుడు నేనూ వాడూ ఆ పట్టాల మీద రూపాయి బిళ్ళలు పెట్టి, రైలు పోయాక వెతికేవాళ్ళం. ఆ ఫోటో గురించి విన్నప్పుడు నాకు గుర్తు రాలేదు. నీ ఉత్తరం చదివాక వచ్చింది.

నేను రాసింది తప్పయితే నన్ను తిట్టు, నీ పాత గొంతుతో తిట్టు. తప్పు కాకపోతే ఆ కవరు ఎవరి డబ్బో చెప్పు. రైతులు సోమవారం, మార్చి పదో తేదీ వరకు గడువు పెట్టారు. ఆ రోజు నారు గానీ డబ్బు గానీ చూపించాలట. లేదంటే గేటు ముందు కూర్చుంటామన్నారు. వాళ్ళను నేను తప్పు పట్టను. వాళ్ళ చోట నేనుంటే ఈపాటికే కూర్చొని ఉండేవాణ్ణి.

మోసిన్

---

కుప్పం
ఫిబ్రవరి 25

మోసిన్,

కవరులో ఉన్నది నా అంగడి డబ్బు. జిరాక్సు మిషను కొత్తది తెద్దామని దాచుకున్నది. ఆసిఫ్‌ది ఒక్క పైసా లేదు. ముందు అది తెలుసుకో.

నీ మదనపల్లె ఉత్తరం అంగట్లో చదివాను. రైలు పట్టాల దగ్గర ఆగిపోయాను. ఆ ఫోటో తీసింది నేనే. నీలం చొక్కాతో వీపు తిప్పుకొని నిలబడ్డాడు, ముఖం చూపించరా అంటే స్టైల్ ఆపా అన్నాడు. మధ్యాహ్నం వాడు అన్నానికి వచ్చాడు.

"నీ ఏటీఎం కార్డు ఇయ్యిరా, పని ఉండాది."

"హాస్టల్లో ఉండిపోయిందాపా."

"నువ్వుండేది ఇంట్లో. హాస్టలేంది?"

ముద్ద చేతిలోనే ఉంది. కిందికి చూస్తూ అన్నాడు, "అద్దెకిచ్చినా."

"ఏంది?"

"అకౌంటు. నెలకింత అని. మునిరాజని ఒకాయన. ఏదో గేమ్ కంపెనీ, జీతాలు పంపేకి అకౌంట్లు కావాలనె. కార్డు, సిమ్ము తీసుకొనె. ఇల్లు అద్దెకిస్తారు, బండి అద్దెకిస్తారు గదాపా. నాది ఖాళీగా ఉండే అకౌంటే గదా."

ఖాళీగా ఉండే అకౌంటే గదా. అప్పటినుంచి ఆ మాట నన్ను వదలడం లేదు. అందులో డబ్బు లేదు, నిజమే. వాడి పేరు ఉంది. ఆ పేరు చూసే ఆదెప్ప నమ్మాడు.

మొదట తెలియదట. ఎవరో వాడి కొత్త నంబరు ఎలాగో పట్టుకొని ఫోన్ చేసి, మా అమ్మ డబ్బు తిరిగివ్వరా అని హిందీలో ఏడిస్తే తెలిసిందట. అప్పుడైనా ఎందుకు చెప్పలేదురా అంటే, ఫోనుకు నెలనెలా కంతులు కట్టాలి కదా అన్నాడు. కొట్టాను మోసిన్. ఎంగిలి చేతితోనే ఉన్నాడు, అడ్డం పెట్టుకోలేదు. మునిరాజు ఇప్పుడు ఫోన్ ఎత్తడు. ఆ పేరైనా నిజమో కాదో.

నీకు దాచాను. దాచాలనే అనుకున్నాను. డబ్బు పంపితే మీ విత్తనాలు పడతాయి, నారు వస్తుంది, ఖాతా ఎప్పటికో తెరుచుకుంటుంది, వాడి సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది అని లెక్క వేసుకున్నాను. అంగట్లో రోజూ జనానికి ఓటీపీ చెప్పొద్దు, కార్డు ఇవ్వొద్దు అని చెప్పేదాన్ని నేనే.

వకీలు హరితను కలిశాను. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేలోపు మనమే వెళ్ళి చెప్తే వాడికీ మంచిది, మీ ఖాతాకూ ఆధారం అవుతుంది అంది. కానీ అరెస్టు చెయ్యరని మాట ఇవ్వలేను అని కూడా అంది. వాడికి ఇరవై నిండలేదు. అమ్మీకి ఇంకా తెలియదు.

ఒక్కటి అడుగుతాను. పేరు రాయడంలో నువ్వు తొందరపడతావు. ఇన్నాళ్ళూ నీ చేతిలో ఉన్నవి తప్పు పేర్లు, నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది నిజమైన పేరు. నాకు భయంగా ఉంది.

మునీరా

---

పుంగనూరు
మార్చి 1

ఆపా,

నీ ఉత్తరం చదివి మొదట చేసిన పని చెప్తాను. పెద్ద కాగితం తీసి, మీ తమ్ముడి పేరు, నా వేలంత లావు అక్షరాలతో రాశాను. తండ్రి పేరు, ఊరు, వీధి. ఆ తండ్రి నాకు ఖాలూ అని, చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకొని కుప్పం స్టేషన్ చూపించాడని చేతికి తెలియదు, రాస్తూనే పోయింది. మైదాపిండి ఉడకబెట్టి గిన్నెతో బయలుదేరాను. మనవాడైతే దాచి, పరాయివాడైతే అంటించేవాడు ప్రజల మనిషి కాడు. అది నిజమే అని ఇప్పటికీ అంటాను.

నారాయణప్ప అంగడి దగ్గరికి వచ్చేసరికి షట్టరు ఇంకా వేసే ఉంది. దాని మీద నేను జనవరిలో అంటించిన కాగితం సగం అలాగే ఉంది. తోటకు తెచ్చిన ఒకటి తప్ప ఆయన చింపలేదు. పొద్దున షట్టరు ఎత్తితే పైకి పోతుంది, మూస్తే మళ్ళీ దిగుతుంది. ఇన్ని రోజులు ఆయన, ఆయన పిల్లలు, దారిన పోయేవాళ్ళు జలగ నారాయణప్ప అని చదువుతూనే ఉన్నారు. నేను అక్కడే నిలబడి నా అక్షరాలు నేనే చదువుకున్నాను. బాగానే ఉన్నాయి. అందుకే ఇంకా సిగ్గు వేసింది.

ఆయన తాళాల గుత్తితో వచ్చాడు. గిన్నె చూశాడు. "ఇంగా ఎవురికప్పా అంటించేది?"

"అప్పా, తప్పు పేరు రాస్తిని," అన్నాను.

"వినపడలా."

మళ్ళీ చెప్పాను. ఎదురుగా పాలవాడు, ఇద్దరు ఆటోవాళ్ళు వింటున్నారు. ముఖం చూసి చెప్పడం ఇంత కష్టమని నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

"రాసేటప్పుడు అంత గొంతుండె, సెప్పేటప్పుడు పిల్లి మాదిరి ఉండాదే," అన్నాడు. తర్వాత లోపలికి పోయి విత్తనం ప్యాకెట్లు తెచ్చి లెక్కపెట్టకుండా నా గిన్నె పక్కన పెట్టాడు. "పో, మీ నాయన కాసుకొని ఉంటాడు. ఆ పిండి వేస్టు సెయ్యొద్దు, నా కాగితం మీద ఒగ తెల్లకాగితం అంటించి పో. సింపితే భయపడినాడంటారని నేను సింపలా."

తెల్లకాగితం దొరకలేదు. ఆసిఫ్ పేరు రాసిన కాగితాన్నే తిరగేసి అంటించాను. అక్షరాలు లోపలి వైపు, షట్టరుకు అతుక్కొని ఉన్నాయి.

విత్తనం ట్రేల్లో పడింది. అబ్బా సాయంత్రం నా పక్కన నిలబడి కొబ్బరిపొట్టు తడుపుతూ, "నీళ్ళు ఎక్కువ పొయ్యొద్దు" అన్నాడు. నెల తర్వాత నాతో అన్న మొదటి మాట.

నీ కవరు దొరస్వామన్న చేతికే తిరిగి ఇచ్చాను. మిషను కొనుక్కో.

ఆసిఫ్ పేరు నేను రాయను, భయపడకు. కానీ నేను దాచను కూడా. వాడు పదో తేదీన ఇక్కడికి రావాలి. రైతుల ముందు, ఆదెప్ప ముఖం చూసి, అద్దెకిచ్చింది నేనే అని వాడి నోటితో చెప్పాలి. తర్వాత అందరం కలిసి స్టేషనుకు. వాడు రాకపోతే ఆ రోజు ఆ పేరు నేను చెప్తాను. కాగితం మీద కాదు, నోటితో, నీ ముందైనా సరే.

మోసిన్

---

కుప్పం
మార్చి 5

మోసిన్,

వాడికి నీ ఉత్తరం చదివి వినిపించాను. షట్టరు దగ్గర నవ్వాడు. ఉత్తరం అయిపోయాక, "ఆదెప్ప కొడతాడా?" అని అడిగాడు. తెలియదన్నాను. "మోసిన్ భాయ్?" కొట్టినా కొడతాడు అన్నాను.

అమ్మీకి చెప్పాను. ఆమె మోకాళ్ళ మీద చేతులు పెట్టుకొని లేచి, వాడి తెల్లచొక్కా ఉతకడానికి నానబెట్టింది. నేనూ వస్తానంది.

నేను వాణ్ణి బస్సెక్కించగలను. దిగడం వాడి పని. దొరస్వామన్న బస్సు తొమ్మిదిన్నరకు పుంగనూరులో ఆపుతాడు. హరిత కూడా వస్తుంది, స్టేషనులో ఏం రాయించాలో ఆమె చూసుకుంటుంది. ఆదెప్పను పాసుబుక్కు తెచ్చుకోమను, మండీ చీటీ కూడా. ఖాలూ నారు బిల్లుల పుస్తకం మరిచిపోవద్దు.

ఫోన్ డ్రమ్ములోంచి తియ్యి ఇక. నీ తోట మట్టి వాసన బియ్యానికి పడుతుంది.

రైతులను పిలుస్తూ కరపత్రం రాసి పంపు. ఈసారి కాపీలు నేనే తీస్తాను, పాత మిషను మీదే.

మునీరా

---

పుంగనూరు
మార్చి 7

ఆపా,

వంద చాలు. రాసి, ఆదెప్పకు, నారాయణప్పకు, అబ్బాకు ముందే చదివి వినిపించాను. అబ్బా అడ్డం చెప్పలేదు. నోట్లు పట్టుకుపోయినవాడి మీద రాసిన ఒక్క మాటను నారాయణప్ప తీసెయ్యమన్నాడు, "ప్రజాశత్రువు" అన్నది. "ఎవురని తెలిసినంక పెట్టుకోప్పా" అన్నాడు. తీసేశాను. కింద ఉన్నది ఉన్నట్టు తియ్యి.

"రైతులారా, యార్డు కూలీలారా, అంగళ్ళ వాళ్ళారా.

వజీరు నారు తోట ఖాతా ఆగిపోయిన సంగతి మీకు తెలుసు. మీ డబ్బు తినలేదు, అది బ్యాంకులోనే ఇరుక్కొని ఉంది. విత్తనం ట్రేల్లో పడింది, మొలకలు వచ్చి చూసుకోండి. నారు ఆలస్యమవుతుంది, ఎగ్గొట్టడం జరగదు.

ఒక ముసలామెను దోచిన సొమ్ము, అద్దెకిచ్చిన ఒక ఖాతా మీదుగా, మార్కెట్టులో చేతికి నోట్లిచ్చి సాయం చేసిన ఒక రైతు మీదుగా ఇక్కడికి వచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్లో కొడతా, క్యాష్ ఇమ్మంటే ఇవ్వకండి, వాడి అమ్మ ఏ ఆస్పత్రిలో ఉన్నా సరే. మీ పిల్లల ఖాతాలు, కార్డులు, సిమ్ములు వాళ్ళ దగ్గరే ఉన్నాయా అని ఇంటికి పోయి అడగండి. తెర మీద పేరు చూసి మనిషిని నమ్మకండి. తెర మీద పేరు చూసి మనిషిని తిట్టకండి. రెండోది చేసినవాణ్ణి నేనే, విత్తనాల నారాయణప్ప గారి విషయంలో, అది ఆయన ముఖం చూసి చెప్పాను.

ఖాతా అద్దెకిచ్చినవాడి పేరు ఈ కాగితంలో లేదు. ఆ పేరు చెప్పవలసిన నోరు వేరే ఉంది. అది వినడానికి, విన్నాక చెయ్యి ఎత్తకుండా ఉండటానికి, తర్వాత మన ఖాతాలు విడిపించమని అందరూ ఒక్కటిగా స్టేషనుకు నడవడానికి, నారు బుక్ చేసుకున్న ప్రతి ఒక్కరూ పాసుబుక్కుతో రండి. సోమవారం, మార్చి పదో తేదీ, ఉదయం పది గంటలకు, మదనపల్లె రోడ్డులో వజీరు నారు తోట గేటు దగ్గర. గేటు తెరిచే ఉంటుంది."